స్టేటస్‌లో వాక్యం, మస్టర్‌లో పేరు

క్రైస్తవుడంటే ఎలా ఉండాలి అని అడిగితే మన ఫ్రెండ్స్‌లో వచ్చే జవాబులు రెండే: ఆదివారం చర్చి, వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం. నాకు మాత్రం జాన్ ఎవరెట్ క్లౌ గుర్తొస్తాడు.

క్లౌ ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. సర్వే పని తెలిసినవాడు, సివిల్ బ్రాంచి వాళ్లు తమవాడనుకోవచ్చు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని చూపించాడు. వాళ్లలో చాలామంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. కరువు పనులు సాగినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూలి కోసం ఎవరూ మతం మారకూడదన్నది ఆయన పట్టుదల. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయినా తిండి కోసమే మారారు అనేవాళ్లున్నారు. నిజమే, ఆకలినీ కృతజ్ఞతనీ నమ్మకాన్నీ విడదీయడం కష్టం. కానీ మిషనరీకి అంకెలు పెరగడం కంటే పెద్ద ఆశ ఏముంటుంది? దాన్నే ఆపుకున్నాడు. శీలం అంటే నాకదే: మంచి పని పేరుతో కూడా ఎదుటివాడి అవసరాన్ని వాడుకోకపోవడం.

మా సున్నిపెంట శ్రీశైలం డ్యామ్ కోసం పుట్టిన ప్రాజెక్టు కాలనీ. కూలి, కాంట్రాక్టు, మస్టర్ అక్కడ అందరికీ తెలిసిన మాటలే. మస్టర్‌లో పనికి రానివాడి పేరు రాయడం, క్లాసులో ప్రాక్సీ చెప్పడం ఒకటే. జూనియర్‌తో రికార్డు రాయించుకోవడం ఇంకా ఘోరం, వాడు కాదనలేడు కాబట్టి. ప్రార్థన చేసేవాళ్లం ముందు ఇది మానాలి. స్టేటస్ తర్వాత పెట్టుకోవచ్చు.