స్ఫటికానికీ వాటం ఉంటుంది

మన సిరోంచాలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పన్నెండో తరగతి సైన్సుకొస్తే ఇంగ్లిష్. వీటి మధ్య నలిగి మన పిల్లలు ‘కైరాలిటీ’ని బట్టీపట్టి గట్టెక్కుతున్నారు. దానికి మన దగ్గర మంచి మాటే ఉంది: వాటం. ఎడమచేతి వాటం అంటామే, అదే. (చేతివాటానికి ఇంకో అర్థం ఉంది, నవ్వుకోండి.) కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. కొన్ని అణువులు, స్ఫటికాలు కూడా అంతే.

అసలు వింత ఏమిటంటే, సోడియం క్లోరేట్ నీళ్లలో కరిగి ఉన్నప్పుడు దానికి ఏ వాటమూ లేదు. స్ఫటికం కట్టేటప్పుడు పేర్చుకునే తీరులోనే అది వస్తుంది. కదపకుంటే కుడివి, ఎడమవి ఇంచుమించు సమానం. 1990లో అమెరికాలో దిలీప్ కొండెపూడి (ఇంటిపేరు చూశారుగా!) బృందం ద్రావణాన్ని కలుపుతూ ఉంచితే దాదాపు అన్నీ ఒకే వాటంవి వచ్చాయి. మొదటి స్ఫటికం నుంచి రాలిన నలుసులే మిగతావాటికి విత్తనం. అది కుడిదో ఎడమదో మాత్రం ముందే చెప్పలేం.

2025లో నోబెల్ అందుకున్న లోహ-సేంద్రియ చట్రాల్లోనూ ఇది చూడొచ్చు. వాటం లేని ముక్కలే మెలికగా అల్లుకుంటే చట్రం మొత్తానికీ వాటం వస్తుంది. మందుల్లో కుడి, ఎడమ అణువులను వేరుచేయడానికి అలాంటి చట్రాలపై పరిశోధన సాగుతోంది.

ఈ పాఠం మన జూనియర్ కాలేజీల్లో బోర్డు మీదే ఆగిపోవడం మాకు నచ్చదు. సోడియం క్లోరేట్ మంటను రేపే రసాయనం, పిల్లలకు వద్దు. గ్లాసులో చిక్కటి చక్కెర నీళ్లు, రెండు పోలరాయిడ్ రేకులు, ఒక టార్చి చాలు. రేకు తిప్పితే రంగులు మారతాయి, చక్కెర వాటం కంటికి కనబడుతుంది. ల్యాబు లేదనే సాకు దీనికి చెల్లదు. రేకుల ఖర్చు సంఘం సభ్యులమే పెట్టుకుందాం. ఎవరు తెస్తారో కింద రాయండి.