దిద్దిన అంకె

కచేరీ ఉద్యోగం చేసేవారికి రెండు రకాల దిద్దుబాట్లు తెలుసు. తప్పు పడిన అంకెను ఒప్పు చేయడం ఒకటి. ఒప్పుగా ఉన్న అంకె పైవారికి రుచించక, దానిని తప్పు చేయడం రెండవది. రెండింటికీ వాడేది ఒకే కలం, ఒకే సిరా. ఈ రెండవ రకం దిద్దుబాటు ఎంత దూరం పోగలదో, 1942 జూను నెలలో పసిఫిక్ మహాసముద్రంలో అమెరికాకూ జపానుకూ జరిగిన మిడ్వే యుద్ధం చెబుతుంది. ఈ నెల ఆ సంగతి పాఠకులతో ముచ్చటించదలచాము.

ఎక్కడి పసిఫిక్, ఎక్కడి మనం అని కొందరు అనవచ్చు. ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళినదే. 1942 ఏప్రిల్ 5న అకాగి, సొర్యూ, హిర్యూ మొదలైన జపాను విమానవాహక నౌకల నుండి లేచిన విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు ర్యూజో అనే మరొక నౌక విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీదికి వచ్చాయి. ఆ రోజులలో మద్రాసు నుండి జనం మూటాముల్లె సర్దుకొని వేలకొలదిగా తరలిపోయారు. కొన్ని సర్కారు కచేరీలు కూడా లోపలి ఊళ్ళకు పోయాయి. ఈ కథలు ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవారు మన పాఠకులలో చాలామందే ఉంటారు.

ఇక్కడికి వచ్చిన ఆ అకాగి, సొర్యూ, హిర్యూలే రెండు నెలలు తిరగకుండా మిడ్వే దగ్గర సముద్రం పాలైనాయి. కాగా అనే నాలుగవ నౌక కూడా వాటి వెంటే పోయింది. ఎందుకు?

1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీద దాడి చేసిన నాటినుండి జపాను నౌకాదళం గెలుస్తూనే వచ్చింది. హవాయికి వాయవ్యంగా సుమారు 1,300 మైళ్ళ దూరాన ఉన్న మిడ్వే దీవిని పట్టుకోబోతే, అమెరికా విమానవాహక నౌకలు కాపాడడానికి పరుగెత్తి వస్తాయి, అప్పుడు వాటిని ముంచవచ్చునని అడ్మిరల్ యమమోటో ఎత్తు వేశాడు. మే నెలలో యమాటో అనే యుద్ధనౌక మీద, పటాలు పరచి, పాచికలు వేసి, ఆ యుద్ధాన్ని ముందుగా ఆడి చూశారు. ఆ ఆటలో శత్రు విమానాల బాంబులు తొమ్మిది తగిలి, అకాగి, కాగా రెండూ మునిగినట్లు తేలింది. మధ్యవర్తిగా కూర్చున్న అడ్మిరల్ ఉగాకి, తొమ్మిది కాదు, మూడే అని దిద్దించాడు. అకాగి బ్రతికింది. మునిగిన కాగా కూడా తరువాతి ఆటలో మళ్ళీ తేలింది. జపాను విమానదళ నాయకుడు ఫుచిదా యుద్ధం ముగిశాక వ్రాసిన పుస్తకంలో ఈ వృత్తాంతం ఉన్నది.

లెక్క కుదిరింది గనుక పథకం మారలేదు. బలమంతా ఒకచోట చేర్చవలసిందిపోయి నలువైపులా పంచారు. మన తీరం మీదికి వచ్చిన ర్యూజోను ఉత్తరాన అల్యూషియను దీవులకు పంపారు. యమమోటో ఎక్కిన యమాటో వందల మైళ్ళ వెనుక ఉండిపోయింది. కాగితం మీద ఓడలు లెక్కలేనన్ని. కావలసిన చోట విమానవాహక నౌకలు నాలుగే.

ఇక రెండవ పక్షం చూడండి. హవాయిలో ఒక నేలమాళిగలో కమాండరు జోసెఫ్ రోష్‌ఫోర్టు అనే అధికారి, అతని మనుషులు, జపాను వారి రహస్య తంతులు విప్పే పనిలో ఉండేవారు. ఆ చోటు చలికి ఆయన దుస్తులపై కోటు తొడుక్కొని, చెప్పులతో తిరిగేవాడట. పెర్ల్ హార్బరులో దెబ్బతిని మునిగిన కాలిఫోర్నియా నౌక బ్యాండు వాద్యగాళ్ళను తెచ్చి కార్డు యంత్రాల వద్ద కూర్చోబెట్టారు. గుమాస్తా పనే అన్నమాట. తంతులలో చదువగలిగింది కొంత భాగమే. దాడి జరగబోయే చోటును శత్రువు ‘ఏ.ఎఫ్.’ అంటున్నాడు. అది మిడ్వేయే అని రోష్‌ఫోర్టు అంటాడు. వాషింగ్టనులోని పైవారు ఒప్పుకోరు.

ఇక్కడ ఆయన తన మాటే నెగ్గాలని పట్టుబట్టి కూర్చోలేదు. పరీక్ష పెట్టించాడు. మా మంచినీటి యంత్రం చెడిపోయిందని మామూలు భాషలో రేడియో మీద చెప్పండని, సముద్రపు అడుగు తీగ ద్వారా మిడ్వేకు కబురు పంపారు. వారు అలాగే చెప్పారు. కొద్ది రోజులకే, ఏ.ఎఫ్.లో నీటికి కొరతగా ఉన్నదని జపాను తంతి ఒకటి చిక్కింది. ఇక వాదం లేదు.

అడ్మిరల్ నిమిట్జ్ ఆ మాట నమ్మాడు. కోరల్ సముద్రంలో దెబ్బతిని వచ్చిన యార్క్‌టౌన్ నౌకను మూడు రోజులలో మరమ్మతు చేయించి, ఎంటర్‌ప్రైజు, హార్నెట్‌లతో కలిపి మిడ్వేకు ఈశాన్యంగా కాపు పెట్టించాడు. జూను 4 ఉదయం యుద్ధం మొదలైంది. హార్నెట్ నుండి వెళ్ళిన టార్పెడో దళంలోని పదిహేను విమానాలూ కూలిపోయాయి. ముప్పయిమందిలో ఒక్కడు మిగిలాడు. కాని పదిన్నర లోపున, కొద్ది నిమిషాలలో, అమెరికా బాంబర్లు అకాగి, కాగా, సొర్యూలను నిప్పుల పాలు చేశాయి. సాయంకాలానికి హిర్యూ వంతు వచ్చింది. అమెరికా వైపు యార్క్‌టౌన్ పోయింది. జపాను వారు సుమారు 3,000 మంది, అమెరికా వారు సుమారు 300 మంది ప్రాణాలు వదిలారు.

జపాను ప్రభుత్వం అప్పుడైనా లెక్క ఒప్పుకున్నదా? లేదు. ఒక్క విమానవాహక నౌక పోయిందనీ, ఒకటి బాగా దెబ్బతిన్నదనీ ప్రకటించింది. గాయపడి వచ్చిన నావికులను ఎవరినీ కలవనీయకుండా ఉంచారు. దిద్దిన అంకెను కాపాడడానికి మరొక అంకె దిద్దవలసి వచ్చింది.

గెలిచినవారి కచేరీ మాత్రం ధర్మపీఠమని మేము అనబోవడం లేదు. రోష్‌ఫోర్టుకు పతకం ఇవ్వవలసిందని నిమిట్జ్ సిఫారసు చేసినా పైవారు త్రోసిపుచ్చారు. కొద్ది నెలలకే ఆయనను అక్కడినుండి మార్చివేశారు. తరువాత తేలే ఓడమరమ్మతు రేవు ఒకదాన్ని చూడమన్నారు. ఆయన 1976లో కన్నుమూశాడు. పతకం ఆయన పేరిట వచ్చింది 1980 దశకంలో. సరైన లెక్క చెప్పినవాడికి జీతం పెరుగుతుందన్న భరోసా ఎక్కడా లేదు సుమా!

ఇంత చెప్పి మా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గిడ్డంగి సరుకు లెక్కలో తక్కువ తేలితే, పై అధికారి ‘పోయిన నెల అంకెనే వేయవోయ్’ అన్నాడు. మేము వేశాము. మూడు నెలలకు తనిఖీ వచ్చింది. పుస్తకంలో సరుకు ఉన్నది, గిడ్డంగిలో లేదు. సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు అక్కడి కాపలాదారు. అతడు తీసినదేమీ లేదని మాకు తెలుసు. ఆ అంకె మా చేతి వ్రాతలో ఉన్నదని అతడికీ తెలుసు. ఒక్క మాట అనలేదు. తరువాత నిజం వ్రాసి ఇచ్చాము, అతడి పని నిలిచింది. కాని ఆ మూడు రోజులు అతడి ముఖం చూడలేకపోయాము.

మా తప్పుకు ఓడలు మునగలేదు. మునిగే వీలు మా బల్ల దగ్గర లేదు గనుక మునగలేదు, అంతే. ఇంటి పద్దు పుస్తకమైనా, సంఘం చందాల చిట్టా అయినా, పిల్లవాడి మార్కుల కాగితమైనా, కలం ఎత్తినప్పుడు ఏ రకం దిద్దుబాటు చేస్తున్నామో ఒక్క క్షణం ఆగి చూసుకుందామని పాఠకులకు, ముందుగా మాకు మేము, చేసుకునే మనవి.