పాల్వాయిగేటు కెమెరా

రెంటచింతల పేరు మీలో చాలామంది ఎండాకాలం వార్తల్లోనే విని ఉంటారు. 2024 మే 13న మాత్రం ఆ మండలంలోని పాల్వాయిగేటు, 202వ పోలింగ్ కేంద్రం, వేరే కారణంతో వార్తలకెక్కింది. అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికొచ్చి వీవీప్యాట్‌ని ఎత్తి నేలకేసి కొట్టడం వెబ్‌కాస్టింగ్ కెమెరాలో పడింది. (అక్కడ తెలుగుదేశం రిగ్గింగ్ చేస్తోందని ఆయన పార్టీ వాదన.)

ఈవీఎం మాటెత్తితే చాలు, మన ఐటీ జనం చిప్పు, ఫర్మ్‌వేర్, హ్యాకింగ్ అని మొదలెడతారు. 2019లో చంద్రబాబుకి మిషన్ల మీద అనుమానం, 2024లో జగన్‌కి అనుమానం. వైకాపాకి అప్పుడు 151 సీట్లు, ఇప్పుడు 11. ఓడినప్పుడే మిషన్ పాడవుతుంది కాబోలు!

నా గోల వేరు. వీవీప్యాట్ పగిలినా ఓట్లుండేది కంట్రోల్ యూనిట్లో. డేటా భద్రంగా ఉందన్నారు, వేరే మిషన్‌తో పోలింగ్ సాగింది. నాలుగుసార్లు గెలిచిన ఎమ్మెల్యే 33 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. అంటే లెక్కపెట్టే వ్యవస్థ తట్టుకుంది. ప్రమాదమంతా గుమ్మం దగ్గరే... ఎవరు లోపలికి రాగలరు, ఏజెంటు కూర్చోగలడా, ఓటరు భయం లేకుండా నొక్కగలడా.

ఇది పాత కథే. 1787లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడితే గవర్నర్ బౌడిన్ సైన్యంతో అణిచేశాడు. తిరుగుబాటుదార్లకి ఓటు లేకుండా చట్టం కూడా వచ్చింది. ఆ వసంతంలోనే జరిగిన ఎన్నికల్లో మిగిలినవాళ్ళే నాలుగింట మూడొంతుల ఓట్లు హాన్‌కాక్‌కి వేసి బౌడిన్‌ని దింపేశారు. అక్కడా లెక్కలో కాదు, వరసలో ఎవరు నిలబడాలన్న దగ్గరే చెయ్యి పెట్టారు.

మళ్ళీ మన కెమెరాకొద్దాం. లైవ్ ఫీడ్ ఉంది. కానీ ఆ వీడియో జనం కంటపడింది మే 21న, ఎనిమిది రోజులకి! మన ప్రొడక్షన్ సర్వర్ పగలగొట్టినవాడి లాగ్ ఎనిమిది రోజుల తర్వాత బయటికొస్తే మేనేజర్ ఊరుకుంటాడా? ఆయన్ని అరెస్టు చేసింది జూన్ 26న, ప్రభుత్వం మారాక.

ఆ వీడియో బయటికి రాకపోతే అసలేమయ్యేదో ఆలోచించండి. 2024 డిసెంబరులో కేంద్రం ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వది సవరించి, సీసీటీవీ, వెబ్‌కాస్టింగ్ ఫుటేజీని జనం అడిగి చూసే వీలు లేకుండా చేసింది. ఎన్నికల పిటిషన్ పడకపోతే 45 రోజుల తర్వాత చెరిపేయొచ్చని 2025లో కమిషన్ చెప్పింది. మిషన్లో చిప్పు గురించి గొంతు చించుకునేవాళ్ళలో దీని మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు నాకు పెద్దగా కనపళ్ళేదు. మీకు?