రీసెట్‌ వెనక కాపలా

1997 జులై 4న అంగారకుడిపై దిగిన నాసా పాత్‌ఫైండర్‌, కొద్దిరోజులకే మాటిమాటికీ రీసెట్‌ అవడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యమున్న పని దగ్గర లాక్‌ ఉండిపోయి, ముఖ్యమైన పని గడువు దాటిపోయేది. అది గమనించిన కాపలా ఏర్పాటు కంప్యూటర్ని మళ్లీ స్టార్ట్‌ చేసేది. ఇంజినీర్లు భూమ్మీద ఉన్న నకలుపై తప్పు పట్టుకుని దిద్దుబాటు పంపారు. ఆ రీసెట్లే లేకుంటే దిద్దేందుకు ఏం మిగిలేదో!

వాచ్‌డాగ్‌ టైమర్‌ పనీ ఇదే. ప్రోగ్రాం గడువులోగా ‘బతికే ఉన్నా’ అని చెప్పాలి, లేదంటే రీసెట్‌. బూట్‌లోడరే దాన్ని ఆన్‌ చేస్తే, స్టార్టప్‌ మధ్యలో ఇరుక్కున్న పరికరమూ మళ్లీ మొదలవుతుంది. కొన్నింటిలో బూట్‌ పదేపదే విఫలమైతే పాత సాఫ్ట్‌వేర్‌కి మళ్లే ఏర్పాటూ ఉంటుంది.

ఎంబెడెడ్‌ ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు నిర్వచనం బట్టీపడితే చాలదు. వాచ్‌డాగ్‌ని టైమర్‌ ఇంటరప్ట్‌లో రిఫ్రెష్‌ చేస్తే ఏమవుతుందని అడిగితే? మెయిన్‌ లూప్‌ ఆగిపోయినా ఇంటరప్ట్‌ నడుస్తూనే ఉంటుంది. కాపలాదారుకి అంతా బాగున్నట్టే లెక్క!

ఆర్డ్యునో యునో ఉంటే ఇవాళే చూడొచ్చు. దాని వాచ్‌డాగ్‌ గరిష్ఠ గడువు 8 సెకన్లు. అది పెట్టి, లూప్‌లో 10 సెకన్ల డిలే రాయండి. బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత రిఫ్రెష్‌ని ఇంటరప్ట్‌లోకి మార్చి, లూప్‌ని ఆపేసి చూడండి.