సుగ్గికి పోయినవాళ్లనూ లెక్కపెట్టాలి

దేశంలో జనగణన 2011 తరవాత మళ్లీ ఇప్పుడు జరగబోతోంది. 2026 ఏప్రిల్, సెప్టెంబర్ మధ్య ఇళ్ల జాబితా తయారుచేసి, 2027 ఫిబ్రవరిలో మనుషులను లెక్కించి, మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుంటామని కేంద్రం ప్రకటించింది. మన ప్రాంతం కలవరపడాల్సింది ఆ ఫిబ్రవరి నెల గురించే. కర్నూలు జిల్లా పడమటి వైపున్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో ఆ నెలలో వీధులకు వీధులే తాళాలేసి ఉంటాయి. ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కోత పనులకు వలస, పోయి ఉంటారు. గుంటూరు, పల్నాడు మిరప చేలల్లో కోతలు జోరుమీదుండేది అప్పుడే. వంటసామాను, పసిపిల్లలు, బియ్యం మూటలతో మేస్త్రి మాట్లాడిన బండెక్కి పోయినవాళ్లు ఉగాదికో, ఇంకా తరవాతో గానీ ఊరి ముఖం చూడరు.

గణన జరిగే రోజుల్లో ఒక్కసారైనా సొంత ఇంట్లో ఉన్నవాళ్లను అక్కడే లెక్కిస్తారు. ఆ రోజులన్నీ బయటే గడిపినవాళ్లను కనిపించిన చోట రాసుకుంటారు. ఈ నిబంధనలో తప్పేమీ లేదు. కానీ చేను గట్టున నాలుగు కర్రలు పాతి పట్టా కప్పుకున్న కుటుంబం ఎవరికి కనిపిస్తుంది? నెలల ముందు ఇళ్ల జాబితా రాసినప్పుడు ఆ గుడిసే లేదు. దానికి నంబరుండదు, వీధి పేరుండదు. పగలంతా చేలో ఉండేవాళ్ల కోసం ఎన్యూమరేటరు చీకటిపడ్డాక మళ్లీ రావాలి. ఊళ్లో తాళం చూసి ఒకరు, చేలో ఎవరూ లేరని మరొకరు వెనుదిరిగితే ఆ కుటుంబం ఎక్కడా నమోదు కాదు.

మంచు కురిసే ప్రాంతాల కోసం కేంద్రం ప్రత్యేక తేదీ పెట్టింది. లద్దాఖ్‌కు, జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలోని మంచు ప్రాంతాలకు ప్రామాణిక తేదీ 2026 అక్టోబర్ 1. చలికాలంలో అక్కడ దారులు మూసుకుపోతాయి కాబట్టి అది న్యాయమే. వాతావరణాన్ని బట్టి తేదీనే మార్చగలిగినప్పుడు, వలసకు కారణమైన కరువును బట్టి కనీసం ప్రత్యేక బృందాలనైనా ఎందుకు వేయకూడదు? రాష్ట్ర ప్రభుత్వం ఈ మాట ఢిల్లీలో గట్టిగా అడగాలి.

పడమటి ఊళ్ల గోడు కేసీ కాలువ కింది మన ఆళ్లగడ్డకు ఎందుకని ఎవరైనా అనుకుంటే పొరపాటే. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి మన నంద్యాల వేరే జిల్లా అయినా కూలి దారులు విడిపోలేదు. మన చుట్టుపక్కల విత్తన పత్తి సాగు నిలబడింది క్రాసింగ్ కూలీల మీదే. సాయంత్రం మొగ్గ గిల్లాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. రోజూ, నెలల తరబడి సాగే ఆ పనికి స్థానికులు చాలక పడమటి మండలాల నుంచి కుటుంబాలు వస్తుంటాయి. బడిలో ఉండాల్సిన ఆడపిల్లలను ఈ చేలల్లో నిలబెట్టిన చరిత్ర కూడా మనకుంది. ఇక్కడి నుంచి పోయేవాళ్లూ తక్కువేం కాదు. చదువుకున్న కుర్రాళ్లు బెంగళూరు, హైదరాబాద్ బాట పడుతున్నారు. ఆళ్లగడ్డ శిల్పులు గుడి పని ఎక్కడుంటే అక్కడికి ఉలి పట్టుకుని పోతున్నారు.

ఇక పట్టణాల సంగతి. 2001లో లక్షన్నర ఉన్న నంద్యాల జనాభా 2011కు రెండు లక్షలైంది. ఆ తరవాతే అది జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్ వచ్చింది, దాని వెనకే ఉద్యోగులు, అద్దె ఇళ్లు, కొత్త వెంచర్లు వచ్చాయి. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం వచ్చే పిల్లలు సరేసరి. ఆళ్లగడ్డకు మున్సిపాలిటీ హోదా కూడా 2011 లెక్క తరవాతే దక్కింది. అయినా పదిహేనో ఆర్థిక సంఘం నిధుల పంపకానికి తీసుకుంది 2011 జనాభానే. ఆహార భద్రత చట్టం కింద ఎందరికి బియ్యం అందాలో తేల్చడానికీ ఆ పాత అంకెలే ఆధారం. 2019 సెప్టెంబర్‌లో కుందూ నది, దాని వాగులు పొంగి నంద్యాల కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఏ వాగు ఒడ్డున ఎందరు కాపురముంటున్నారో తెలియకుండా మురుగు కాలువను ఎంత వెడల్పున తవ్వాలని ఇంజినీరు నిర్ణయిస్తాడు?

ఇక పిల్లల విషయం. మన రాష్ట్రంలో సంతాన రేటు 1.7కు పడిపోయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో శాసనసభ ఎత్తేసింది. పిల్లలను కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. మంచిదే. అయితే తల్లి వెంట మిరప చేలోకి పోయి ఏటా బడికి దూరమవుతున్న పిల్లల బాధ్యత అంతకన్నా ముందు తీసుకోవాలి. వారి కోసం పెట్టిన సీజనల్ హాస్టళ్లు వలస మొదలయ్యే నాటికే తెరుచుకోవాలి. వలస కూలీల కోసం 1979లో తెచ్చిన చట్టం రాష్ట్రం దాటినవారికే వర్తించింది. కోసిగి నుంచి గుంటూరు పోయిన కూలీకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ లోటును రాష్ట్రమే ఒక చట్టం చేసి పూడ్చాలి.

జనగణన వరకు చేయాల్సిన పని మాత్రం స్పష్టంగానే ఉంది. ఊరు వదిలే ప్రతి కుటుంబం వివరాలు, ఏ మేస్త్రి వెంట ఏ ఊరికి పోతున్నదీ గ్రామస్థాయి సిబ్బంది డిసెంబర్‌లోనే రాసిపెట్టాలి. కర్నూలు, నంద్యాల కలెక్టర్లు ఆ జాబితాలను జనవరి దాటకముందే గుంటూరు, పల్నాడు కలెక్టర్లకు అందజేయాలి. అక్కడ రాత్రివేళ చేలల్లోకి వెళ్లి లెక్క రాసే బృందాలను వేయాలి. సుగ్గికి పోయే ప్రతి ఇంటివారికీ మా విన్నపం ఒక్కటే: ఫిబ్రవరిలో మీరు ఏ చేలో ఉన్నా, మీ ఇంట్లో ఉన్న అందరి పేర్లూ రాసుకునేదాకా ఎన్యూమరేటరును వదలకండి.