వీపీఎన్ యాప్‌కి ‘ఆల్టర్నేట్ నంబర్’ ఎందుకు లేదు?

ఆన్‌లైన్‌లో ఏదైనా ఆర్డర్ పెడితే ‘ఆల్టర్నేట్ ఫోన్ నంబర్’ అడుగుతారు కదా. మొదటి నంబర్ కలవకపోతే డెలివరీ బాయ్ రెండోదానికి చేస్తాడు. ఈపాటి తెలివి నా ఫోన్‌లోని వీపీఎన్ యాప్‌కి లేదు. దానివల్ల ఒక ఇంటర్వ్యూలో నీళ్లు నమలాల్సి వచ్చింది.

మాది కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి దాన్నే హోమ్ సర్వర్‌గా వాడుతున్నా. నేను చేసిన యాప్ ఫోన్‌లో ఉంటుంది, దాని బ్యాకెండ్ ఇంట్లో ఉంటుంది, మధ్యలో వైర్‌గార్డ్. ఇంటికి రెండు నెట్ లైన్లు. మెయిన్ లైన్‌కి స్టాటిక్ ఐపీవీ4 అడ్రస్ ఉంది. బ్యాకప్ లైన్‌లో ఐపీవీ4 సీజీనాట్ వెనక ఉంటుంది. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లు పంచుకుంటారు, బయటి నుంచి నేరుగా మన సర్వర్‌కి రాలేం. కానీ దానికి పబ్లిక్ ఐపీవీ6 వస్తుంది. అందుకే నా డొమైన్ పేరుకి రెండు అడ్రస్‌లూ పెట్టా. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిలే అనే ధైర్యం.

ఇంటర్వ్యూ రోజు పొద్దున మెట్రోలో అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్తుంటే అమ్మ ఫోన్ చేసింది. మా వీధిలో రోడ్డు తవ్వుతూ మెయిన్ లైన్ కేబుల్ తెంపేశారట. బ్యాకప్ ఉంది కదా అని లైట్ తీసుకున్నా. తీరా డెమో టైమ్‌కి వైర్‌గార్డ్ ఆన్ చేస్తే పైన తాళంచెవి గుర్తు వచ్చింది, స్విచ్ ఆన్‌లోనే ఉంది, యాప్‌లో మాత్రం లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి స్క్రీన్‌షాట్లు చూపించి బయటపడ్డా. ఆ ఉద్యోగం రాలేదు. దానికి ఇదొక్కటే కారణం అనను కానీ, ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అసలేం జరిగిందంటే

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే బ్యాకప్ లైన్ నిక్షేపంగా పనిచేస్తోంది. నా మొబైల్ డేటాలో ఐపీవీ6 కూడా ఉంది. మరి ఎందుకు కలవలేదు?

వైర్‌గార్డ్‌లో ఒక పీర్‌కి ఒక్క ఎండ్‌పాయింటే ఉంటుంది. డొమైన్ పేరు ఇస్తే, దాని వెనక ఎన్ని అడ్రస్‌లున్నా ఒక్కటే తీసుకుంటుంది. ఆండ్రాయిడ్ యాప్ అయితే కావాలనే ఐపీవీ4కి పెద్దపీట వేస్తుంది. డీఎన్‌ఎస్64, ఐపీవీ6 నాట్ సమస్యలు తప్పించుకోవడానికని కోడ్‌లోనే కామెంట్ రాసి ఉంది. దాంతో నా ఫోన్, కేబుల్ తెగిన అడ్రస్‌కే 5 సెకన్లకోసారి 148 బైట్ల హ్యాండ్‌షేక్ ప్యాకెట్ పంపుతూ కూర్చుంది. 90 సెకన్లయ్యాక ఆపేస్తుంది. మళ్లీ ఏదైనా డేటా పంపబోతే మళ్లీ అదే తలుపు కొడుతుంది. పక్క తలుపు తీసే ఉంది, అటు చూడదు.

పోనీ రెండు పీర్లు పెడదామా అంటే అదీ కుదరదు. ఒక అలౌడ్ ఐపీ ఒకేసారి రెండు పీర్లకి ఉండదు. వైర్‌గార్డ్‌కి రోమింగ్ ఉంది, నిజమే. మనం వైఫై నుంచి మొబైల్ డేటాకి మారితే సర్వర్ కొత్త అడ్రస్‌ని దానంతట అదే పట్టేస్తుంది. కానీ అది మనం కదిలినప్పుడు. అవతలి సర్వర్ అడ్రసే పోతే రోమింగ్ ఏం చేయలేదు.

మిగతావాళ్లు ఎప్పుడో చేశారు

ఇదేం కొత్త ఐడియా కాదు. ఓపెన్‌వీపీఎన్‌లో ‘రిమోట్’ లైన్లు ఎన్నో రాసుకోవచ్చు, ఒకటి కాకపోతే తర్వాతది ట్రై చేస్తుంది. ఐపీసెక్ వాళ్లకి 2006 నుంచే మోబైక్ అనే స్టాండర్డ్ ఉంది. బ్రౌజర్లు వాడే హ్యాపీ ఐబాల్స్ పద్ధతి, అంటే ఆర్‌ఎఫ్‌సీ 8305, ఒక అడ్రస్‌కి జవాబు రాకపోతే దాదాపు 250 మిల్లీసెకన్లలో రెండోదాన్ని మొదలుపెట్టమంటుంది. వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ కూడా దొరికిన అడ్రస్‌లన్నీ పరీక్షించి, ఏదీ కుదరకపోతే రిలే సర్వర్ ద్వారా కలుపుతుంది.

“అయితే టెయిల్‌స్కేలే వాడొచ్చుగా?” అంటారు. బాగుంటుంది, కాదనను. కానీ దాని కోఆర్డినేషన్ సర్వర్ ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. సొంతంగా నడపాలంటే హెడ్‌స్కేల్ పెట్టుకోవాలి. ఇంట్లో ఉన్న ఒక్క సర్వర్ కోసం ఇంకో సర్వర్ మెయింటెయిన్ చేయడమా?

నేను అడిగేది చిన్నదే

వైర్‌గార్డ్ గొప్పతనం దాని సింప్లిసిటీ. 2020 మార్చిలో లైనక్స్ 5.6లోకి వచ్చిన ఆ కోడ్ దాదాపు 4,000 లైన్లు. దాన్ని బరువెక్కించమని నేను అనట్లేదు. కెర్నల్‌లో ఒక్క ఎండ్‌పాయింటే ఉండనివ్వండి. పైనున్న యాప్‌కి మాత్రం ఒక లిస్ట్ ఇవ్వనివ్వండి. హ్యాండ్‌షేక్‌కి రెండు సెకన్లలో జవాబు రాకపోతే ఎండ్‌పాయింట్ మార్చి తర్వాతది ట్రై చేయాలి, అంతే. సెక్యూరిటీ పోతుందా? పోదు. వైర్‌గార్డ్ సర్వర్‌ని గుర్తుపట్టేది పబ్లిక్ కీతో, అడ్రస్‌తో కాదు. తప్పు తలుపు కొడితే సరైన జవాబు రాదు, అంతే తేడా. బ్యాటరీ అంటారా? చచ్చిన అడ్రస్‌కే ప్యాకెట్లు పంపుతూ కూర్చోవడం కన్నా ఇది నయమే. ఇంకో మాట: హ్యాండ్‌షేక్ అయితేనే ‘కనెక్ట్ అయింది’ అని చూపించండి. ఉత్తి స్విచ్ ఆన్‌లో కనిపిస్తే మనకేం తెలుస్తుంది?

అప్పటిదాకా నేను చేస్తున్నది ఇదీ: ఒకే కీతో ‘ఇల్లు 4’, ‘ఇల్లు 6’ అని రెండు టన్నెల్స్ పెట్టుకున్నా. రెండోదాంట్లో డొమైన్ పేరు బదులు ఐపీవీ6 అడ్రసే నేరుగా రాశా. ఒకటి కదలకపోతే చేత్తో రెండోది నొక్కుతా. ఇది ముందే చేయకపోవడం నా తప్పే. మీ ఇంట్లోనూ సర్వర్ ఉంటే ఈ రాత్రే మెయిన్ రౌటర్ ప్లగ్ పీకేసి, మొబైల్ డేటాతో ఒకసారి టెస్ట్ చేసుకోండి. ఇంటర్వ్యూ రూమ్‌లో తెలుసుకోవడం కన్నా ఇంట్లోనే తెలుసుకోవడం మేలు.