డాక్టరు దగ్గర ‘బాగానే ఉందండి’ అనకండి

మా గోదావరి వాళ్లకి మాట చివర ‘అండి’ చేర్చకపోతే తోచదు. పాలబ్బాయితోనూ అండి, ఆటో అబ్బాయితోనూ అండి. ఆ మర్యాద ఎక్కడైనా ముచ్చటే కానీ, డాక్టరు గదిలో ఒక్కోసారి కొంప ముంచుతుంది. ‘ఎలా ఉన్నాడమ్మా?’ అని ఆయన అడగ్గానే ‘బాగానే ఉందండి’ అనేసి, మందుల చీటీ పుచ్చుకుని బయటికి వచ్చేస్తాం. ఆ రెండు మాటలే నేను ఆరు నెలల పాటు చెప్పాను. ఆ ఆరు నెలల్లో మా అబ్బాయి నాలుగు కిలోలు తగ్గాడు.

వాడికి ఎనిమిదో తరగతిలో ఏడీహెచ్‌డీ అని తేలింది. అప్పటిదాకా ఇంట్లో దానికి మేం పెట్టుకున్న పేర్లు వేరు. పెంకితనం, బద్ధకం, ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కకపోవడం. మాత్ర మొదలుపెట్టిన నెలలోనే నోట్సులు పూర్తవడం మొదలైంది. యూనిట్ టెస్టులో లెక్కలకి మార్కులు పెరిగాయి. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. అయితే మధ్యాహ్నం క్యారేజీ పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చేది. రాత్రి పన్నెండైనా వాడికి కన్ను మూతపడేది కాదు. సాయంత్రం ఐదు దాటితే చిన్న మాటకే కళ్లలో నీళ్లు. ‘ఆకలి లేదమ్మా’ అంటే ‘వంకలు పెట్టకు’ అన్నాం.

ఒక నెల స్కూలు నుంచి ‘మళ్లీ ధ్యాస తగ్గింది’ అని ఫిర్యాదు వచ్చింది. డాక్టరు గారితో అదొక్కటే చెప్పాను. ఆయన డోసు పెంచారు. పది రోజుల తర్వాత మందారం కుండీలో మట్టి గుల్ల చేస్తుంటే మాత్రలు దొరికాయి. వారానికి మూడు నాలుగు రోజులు వాడు మాత్ర మింగడం లేదు. అంటే, వాడు వేసుకోని మందుకి మేం డోసు పెంచించాం. నిలదీస్తే వాడు ఒకే మాట అన్నాడు: ‘మాత్ర వేసుకుంటే లెక్కలొస్తాయమ్మా, నవ్వు రాదు.’

ఇందులో డాక్టరు తప్పు లేదు. ఆయనకి సగమే చెప్పింది నేను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దుష్ప్రభావాల గురించి నోరు విప్పడం డాక్టరుకి ఎదురు చెప్పడం కాదు. అది కూడా వైద్యంలో భాగమే. ఆ భాగం మనం తప్ప ఇంకెవరూ చేయలేరు.

మందు మంచిదే, కానీ...

ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ నిన్నమొన్నటి మందు కాదు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజాన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేశారు. మెదడులో డోపమైన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు ఎక్కువసేపు అందుబాటులో ఉండేలా చేస్తుంది. అందువల్ల ధ్యాస నిలుస్తుంది. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేస్తుంది. ఎంతోమంది పిల్లలకి, పెద్దవాళ్లకి దీనివల్ల జీవితం గాడిన పడింది. మందు మానేయమని నేను చెప్పడం లేదు.

కానీ ధ్యాస నిలిపే ఆ పనే ఆకలిని చంపుతుంది, నిద్రని దూరం చేస్తుంది. కొందరికి తలనొప్పి, కడుపునొప్పి వస్తాయి. నాడి, రక్తపోటు కొంచెం పెరగొచ్చు. మందు ప్రభావం దిగిపోయే సాయంత్రం వేళ చిరాకు, ఏడుపు రావడం కూడా చాలామందిలో కనిపించేదే. ఎదుగుదల కాస్త నెమ్మదించవచ్చు. ఇంకో మందు ఆటమాక్సెటిన్. దాని పూర్తి ప్రభావం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. వికారం, మగత రావచ్చు.

వీటిలో చాలావాటికి దారి ఉంది. డోసు తగ్గించడం, వేసుకునే వేళ మార్చడం, మాత్ర రకం మార్చడం, మందునే మార్చడం. ఇవన్నీ డాక్టరు చేతిలో ఉన్నవే. అయితే ఆయన చెయ్యి అటు వెళ్లాలంటే ముందు ఆయనకి విషయం తెలియాలి. క్యారేజీ తిరిగి వస్తోందని రక్తపరీక్షలో కనబడదు. నవ్వు రావడం లేదని స్కానింగులో తేలదు.

కొన్నింటికి మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనబడడం, వినబడడం, చనిపోవాలన్న మాటలు, ఆటమాక్సెటిన్ వాడేవాళ్లలో కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుని కలవాలి.

బోదకాలు మాత్రలు చెప్పిన పాఠం

మన జిల్లాలకి ఇది కొత్త కథేమీ కాదు. బోదకాలు నివారణకి డీఈసీ మాత్రలు ఇంటింటికీ వచ్చి పంచడం మనకి తెలిసిందే. ఆ మందు వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే సంస్థలో నడిపించిన పరిశోధన ఉంది. అంత మన మందునే మనవాళ్లు చాలామంది చేతిలోకి తీసుకుని, ఆశా కార్యకర్త గుమ్మం దాటగానే గట్టున పెట్టేశారు. మా అమ్మమ్మగారి ఊళ్లో నేను చూశాను. ‘అది వేసుకుంటే జ్వరం వస్తుందంట’ అనేవారు.

జ్వరం నిజంగానే వస్తుంది. ఒంట్లో బోదకాలు క్రిములు ఉన్నవాళ్లకి, అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఆ సంగతి ముందే విప్పి చెప్పినవాళ్ల చేతి మాత్ర జనం మింగారు. చెప్పనివాళ్ల మాత్ర గట్టు మీదే ఉండిపోయింది. మా వాడి మాత్ర మందారం కుండీలోకి పోయిందీ అందుకే. దుష్ప్రభావాల గురించి మాట్లాడితే జనం భయపడి మందు మానేస్తారని కొందరంటారు. నేను చూసినంతలో మాట్లాడకపోవడం వల్లే మానేస్తారు. పైగా ఎవరికీ చెప్పకుండా మానేస్తారు.

ఎందుకు నోరు రాదు?

మొదటిది గౌరవం. అంత చదువుకున్నాయనకి మనం చెప్పేదేమిటి అనుకుంటాం. రెండోది హడావుడి. బయట నలభైమంది కూర్చుని ఉంటారు, లోపల మనకి ఐదు నిమిషాలు. మూడోది గుట్టు. ‘ఆ డాక్టరు దగ్గరికి ఎందుకెళ్తున్నారు’ అని వీధిలో ఎవరైనా అడుగుతారేమో, రేపు పెళ్లి సంబంధాల దాకా పోతుందేమో అని భయం.

నాలుగోది మందు దొరకడం. మిథైల్‌ఫెనిడేట్ మన చట్టంలో షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మడానికి మెడికల్ షాపుకి విడిగా లైసెన్సు ఉండాలి. చీటీ రెండు ప్రతుల్లో రాయాలి. ఒక ప్రతి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అందుకే అన్ని షాపుల్లోనూ ఉండదు. కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన మందు గురించి ఫిర్యాదు చేస్తే, రాయడమే మానేస్తారేమోనని లోపల బెంగ.

ఐదోది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మార్కులు. పిల్లాడు తినకపోయినా, నిద్రపోకపోయినా, మార్కులు పెరుగుతున్నంతకాలం మనకి ‘బాగానే’ ఉంటుంది. మందు ఎవరి కోసం వేస్తున్నామో ఒకసారి మనల్ని మనం అడుగుదాం.

అడగడం మీ హక్కు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 22వ సెక్షన్ చూడండి. ఏ చికిత్స ఇస్తున్నారో, దానికి తెలిసిన దుష్ప్రభావాలేమిటో తెలుసుకునే హక్కు చికిత్స పొందే మనిషికీ, అతని తరఫున నిలబడేవారికీ ఉంది. అది కూడా వాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టమే అంటోంది. అంటే ‘తెలుగులో చెప్పండి’ అని అడగడం పొగరు కాదు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం కూడా ఒకటుంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. రోగులే నింపి పంపగల ఫారం తెలుగులోనూ ఉంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. అది మీ డాక్టరు మీద ఫిర్యాదు కాదు, మందు గురించి సమాచారం. అయితే ముందు మాట్లాడాల్సింది మాత్రం మీ డాక్టరుతోనే.

ఎలా చెప్పాలి?

‘ఏవో సైడ్ ఎఫెక్ట్స్ వస్తున్నాయండి’ అంటే ఆయనకి ఏమీ తెలియదు. ‘నాలుగు వారాల్లో కిలోన్నర తగ్గాడండి. మధ్యాహ్నం అన్నం ముట్టడం లేదు. రాత్రి పన్నెండు దాకా మెలకువే’ అంటే అన్నీ తెలుస్తాయి. అందుకు రెండు రూపాయల పుస్తకం చాలు. మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నాడు, ఏ పూట ఎంత తిన్నాడు, ఎప్పుడు నిద్రపోయాడు, సాయంత్రం ఎలా ఉన్నాడు అన్నది రోజూ ఒక వరుస. వారానికోసారి ఒకే కాటా మీద బరువు. మీరు అడగాలనుకున్న మూడు ప్రశ్నలు మొదటి పేజీలోనే రాసుకోండి. గదిలో కూర్చోగానే పుస్తకం బల్ల మీద పెట్టండి.

బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు చూడమని మీరే అడగండి. డోసు మార్చే ముందూ తర్వాతా నాడి, రక్తపోటు చూడాలనీ, పిల్లల ఎత్తు ఆరు నెలలకోసారి కొలవాలనీ, పదేళ్లలోపు పిల్లల బరువు మూడు నెలలకోసారి చూడాలనీ బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడిని మాట్లాడనివ్వండి. డాక్టరు వాడిని అడిగితే మనం జవాబివ్వకూడదు. వీలైతే రెండు నిమిషాలు ఇద్దర్నీ వదిలి బయటికి రండి. రేపు వాడు ఇంటర్‌కి హాస్టలుకి వెళ్తాడు. ఆ తర్వాత ఉద్యోగానికి ఏ హైదరాబాదో, బెంగళూరో పోతాడు. అక్కడ క్యారేజీ తెరిచి చూసే అమ్మ ఉండదు. తన ఒంటి సంగతి తాను చెప్పుకోవడం లెక్కల కంటే ముందు నేర్వాల్సిన పాఠం.

డాక్టర్లకీ ఒక మాట. ‘ఇబ్బందేం లేదు కదా?’ అని అడిగితే మా గోదావరి వాళ్ల నోటివెంట ‘లేదండి’ అనే వస్తుంది. ‘మధ్యాహ్నం ఏం తిన్నావు? నిన్న ఎన్నింటికి పడుకున్నావు?’ అని అడిగి చూడండి.

మందారం కుండీ సంగతి నేను డాక్టరు గారికి చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. ‘ఇప్పుడు చెప్పారు, మంచిదైంది’ అని డోసు తగ్గించారు. పొద్దున్నే కడుపునిండా టిఫిను పెట్టి ఆ తర్వాతే మాత్ర వేయమన్నారు. మధ్యాహ్నం తినకపోతే గొడవ పడొద్దు, రాత్రి ఆకలి వచ్చాక గట్టిగా పెట్టమన్నారు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి పెసరట్టు పొయ్యి మీద ఉంటుంది. తగ్గిన కిలోలు నెమ్మదిగా తిరిగి వచ్చాయి. మార్కులు కొంచెం తగ్గాయి. సాయంత్రం పూట మాత్రం వాడు చెల్లెలితో కలిసి నవ్వుతున్నాడు.

పోయినసారి వెళ్లినప్పుడు పుస్తకం వాడే పట్టుకున్నాడు. డాక్టరు గారు ‘ఎలా ఉన్నావురా?’ అంటే నాకు అలవాటు చొప్పున నోరు తెరుచుకోబోయింది. ఆపుకున్నాను. వాడు పుస్తకం తెరిచి ‘ఇలా ఉందండి...’ అని మొదలుపెట్టాడు. అండి మానక్కర్లేదు. దాని ముందు నిజం పెడితే చాలు.